కర్మ, కరుణ, బి.ఎన్. రెడ్డి సినిమా

చేయని తప్పుకు శిక్ష అనుభవించే మనిషికి జవాబు చెప్పవలసింది ఎవరు? దైవమా, పూర్వకర్మమా, పక్కనున్న సాటిమనిషా? తెలుగు సినిమాలో ఈ ప్రశ్నను పట్టు విడవకుండా అడిగిన దర్శకుడు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. 1908 నవంబర్ 16న కడప జిల్లా పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టిన ఆయన, 1939 నుంచి 1969 దాకా ముప్ఫై ఏళ్లలో పదకొండు తెలుగు చిత్రాలకు దర్శకత్వం వహించారు. వాటిలో ఒక్కటి కూడా పౌరాణికం కాదు. దేవుళ్లు తెరమీదికి దిగివచ్చి భక్తుల కష్టం తీర్చడం మామూలైన కాలంలో, ఆయన తన ముఖ్యమైన కథలను సాహిత్యం నుంచి తెచ్చుకున్నారు. ఒక రేడియో నాటిక, ఒక ఇంగ్లీషు పత్రికాకథ, 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవల, సమకాలీన తెలుగు నవల ఆయన చేతిలో సినిమాలయ్యాయి. ఆ మూలాల నుంచి ఏది తీసుకున్నారు, ఏది వదిలారు, దేన్ని మార్చారు అని చూస్తే ఒక తాత్త్విక వైఖరి బయటపడుతుంది.

ఈ ప్రశ్న భారతీయ దర్శనాలకు కొత్తది కాదు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఇది సూటిగానే వస్తుంది. లోకంలో ఒకడు సుఖపడుతున్నాడు, మరొకడు ఏడుస్తున్నాడు. ఈ సృష్టి ఈశ్వరుడిదైతే ఆయనకు పక్షపాతం, నిర్దయ అంటగట్టక తప్పదు కదా అన్నది ఆక్షేపణ. ఈశ్వరుడు జీవుల కర్మను బట్టే ఫలమిస్తాడు కాబట్టి ఆ దోషం ఆయనకు అంటదన్నది సమాధానం. మూడో అధ్యాయంలో ఇంకో తగవుంది. కర్మకు ఫలమిచ్చేది ఈశ్వరుడని బాదరాయణుడంటే, ధర్మమే ఫలాన్ని ఇస్తుంది, మధ్యలో దాత అక్కర్లేదని జైమిని పక్షం. మీమాంసకులు ఈ మాటను ఇంకా ముందుకు తీసుకుపోయారు. వాళ్ల లెక్కలో చేసిన పని కంటికి కనిపించని శక్తిగా నిలిచి, కాలం వచ్చినప్పుడు ఫలిస్తుంది. భక్తిమార్గం ఈ రెండింటి మీదా దయను నిలబెట్టింది. స్వామి దయ తలిస్తే కర్మ కూడా కరుగుతుందన్నది వైష్ణవుల నమ్మకం. వేదాంతదేశికులు తిరుమల శ్రీనివాసుడి దయనే దేవిగా భావించి ఒక శతకం రాశారు.

ఈ మూడు మార్గాల్లోనూ పైకి కనిపించని చిక్కు ఒకటుంది. బాధపడేవాడికి పూర్వకర్మను కారణంగా చూపిస్తే, ఆ బాధను అతడే సంపాదించుకున్నాడని చెప్పినట్టవుతుంది. అన్యాయం చేసినవాడు ఆ లెక్కలోంచి తప్పుకుంటాడు. చూస్తూ ఊరుకున్నవాడు కూడా తప్పుకుంటాడు. దైవం దయను ఆశ్రయించినా అంతే, మనిషి చేయవలసిన పని పై లోకానికి బదిలీ అవుతుంది. బి.ఎన్. రెడ్డి కథలు ఈ బదిలీని ఒప్పుకోవు. కర్మ ఫలిస్తుందని అవి కాదనవు. ఆ ఫలాన్ని మార్చగల దయ మాత్రం తెరమీది మనుషుల చేతుల్లోనే ఉంటుంది.

ఆయన పుట్టిన సీమలో ఈ రెండు ధోరణులూ పక్కపక్కనే పెరిగాయి. రాబోయేది ముందే నిర్ణయమై ఉందని చెప్పే కాలజ్ఞానానికి ఆలవాలమైన కందిమల్లాయపల్లె కడప జిల్లాలోనే ఉంది. విగ్రహాన్నీ తంతునూ నిలదీసి, మనిషి నడత ఏమిటని అడిగిన వేమన పద్యం పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పల్లెల్లో అక్షరం రానివాళ్ల నోట కూడా ఆడేది. వాన రాని ఏడు ఇక్కడ ఎవరికీ వింత కాదు. 1876-78 నాటి ధాత కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. ఆయన మీద జనం పాట కట్టుకున్నారు. కరువుకు కారణం ఎవరి పాపమో తేల్చకుండానే అన్నం పెట్టిన మనిషిని గుర్తుపెట్టుకున్న సంస్కృతి ఇది. అందులో పుట్టిన దర్శకుడికి కరుణ అంటే మనిషి చేసే పనిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

హెచ్.ఎం. రెడ్డితో కలిసి రోహిణీ సంస్థలో 'గృహలక్ష్మి' (1938) నిర్మాణంలో పాలుపంచుకున్నాక, మూలా నారాయణస్వామి అండతో బి.ఎన్. వాహినీ సంస్థను నిలబెట్టారు. ఛాయాగ్రాహకుడు కె. రామనాథ్, కళాదర్శకుడు ఎ.కె. శేఖర్, రచయిత సముద్రాల రాఘవాచార్య, నటగాయకుడు చిత్తూరు నాగయ్య ఆయన చుట్టూ చేరారు. 'వందేమాతరం' (1939) తర్వాత వచ్చిన 'సుమంగళి' (1940) వీరేశలింగం స్ఫూర్తితో వితంతు వివాహాన్ని తలకెత్తుకుంది. వైధవ్యాన్ని నొసటిరాతగా చూసే సమాజంలో, అది మనుషులు పెట్టిన కట్టుబాటు కాబట్టి మనుషులే తీసేయగలరని చెప్పిన చిత్రమది. 'దేవత' (1941)లో ఆ పేరు దక్కింది గుళ్లో ఉన్న అమ్మవారికి కాదు, యజమాని చేతిలో మోసపోయిన పనిమనిషికి. ఆ మరుసటేడు అదే వాహినీలో కె.వి. రెడ్డి 'భక్త పోతన' తీశారు. అందులో భక్తుడి వెంట దైవం నడుస్తుంది. ఒకే గొడుగు కింద, దాదాపు అదే బృందంతో తయారైన ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెడితే బి.ఎన్. ఎంచుకున్న దారి ఎంత వేరో తెలుస్తుంది.

సాహిత్యం నుంచి నేరుగా కథ తెచ్చుకున్న మొదటి పెద్ద ప్రయత్నం 'మల్లీశ్వరి' (1951). బుచ్చిబాబు రేడియో నాటిక 'రాయలవారి కరుణకృత్యం', దేవన్ శరార్ ఇంగ్లీషులో రాసిన చక్రవర్తి, బానిసపిల్ల కథ దీనికి ఆధారాలు. ఈ రెండింటినీ కలిపి మాటలు, పాటలు రాసే పనిని బి.ఎన్. దేవులపల్లి కృష్ణశాస్త్రికి అప్పగించారు. కృష్ణశాస్త్రికి అదే మొదటి సినిమా. బ్రహ్మసమాజ ప్రభావంలో పెరిగి, విగ్రహం లేని దైవానికి పాటలు కట్టిన కవి ఆయన. దేవుణ్ణి తెరమీదికి తీసుకురాని దర్శకుడికి అంతకంటే తగిన తోడు దొరకడం కష్టం.

కథకు ఇరుసు వానరాత్రి సత్రంలో జరిగే చిన్న సన్నివేశం. సంత నుంచి బండిమీద వస్తూ మల్లి, ఆమె బావ నాగరాజు వానకు సత్రంలో తలదాచుకుంటారు. అక్కడ మల్లి ఆడిపాడుతుంది. మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన ఆ ఆటను చూసి మెచ్చుకుంటారు. వాళ్లెవరో తెలియని నాగరాజు సరదాకు, రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకీ పంపించండి అంటాడు. అన్నవాడు మరిచిపోయాడు, రాజు మరవలేదు. నాగరాజు డబ్బు సంపాదించడానికి ఊరు విడిచి వెళ్లిన సమయంలో పల్లకీ రానే వస్తుంది. రాణివాసంలో అడుగుపెట్టిన పిల్లకు బయటి లోకంతో సంబంధం తెగిపోతుంది.

ఈ కథలో దుర్మార్గుడు లేడు. రాజు మెచ్చి ఇచ్చాడు, తల్లి సిరికి ఆశపడింది, బావ వేళాకోళమాడాడు. మనసు, మాట, చేత అనే మూడింటిలో మాటకు కూడా కర్మబలం ఉందని మన ధర్మశాస్త్రాలు చెబుతాయి. ఆ సంగతిని ఉపన్యాసం లేకుండా ఇంత సున్నితంగా చూపిన చిత్రం తెలుగులో మరొకటి లేదనే చెప్పాలి. ఇది జైమిని ఒప్పుకునే ప్రపంచం. పని జరిగింది, ఫలం వచ్చింది, మధ్యలో ఏ దేవుడూ అక్కర్లేకపోయింది. చివరికి నాగరాజు అంతఃపురంలో పట్టుబడి మరణశిక్షకు సిద్ధమైనప్పుడు, ఆ కర్మసూత్రాన్ని తెంచగలిగినవాడు రాయలు ఒక్కడే. బుచ్చిబాబు నాటిక పేరులోనే ఆ మలుపు ఉంది. రాజధర్మం దండించమంటుంది, రాయలు క్షమిస్తాడు. భక్తిచిత్రంలో దేవుడు నిలబడే చోట ఇక్కడ మనిషి నిలబడ్డాడు. 1953లో ఈ సినిమాను చైనాలో చైనీస్ ఉపశీర్షికలతో ప్రదర్శించారు. పూర్వజన్మల లెక్కలతో పని లేకుండా నడిచే కథ కావడం దాని ప్రయాణానికి అడ్డు కాలేదు.

కృష్ణదేవరాయల కాలం బి.ఎన్. పుట్టిన ప్రాంతానికి పుస్తకాల్లో చదివిన చరిత్ర మాత్రమే కాదు. జమ్మలమడుగు పక్కన పెన్న లోయ అంచున నిలిచిన గండికోట విజయనగరం కింద పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉండేది. కోటలోపలి మాధవరాయ, రంగనాయక ఆలయాల శిల్పం ఆ వైభవానికి సాక్ష్యం. అటువంటి రాళ్లు చెక్కిన పేరులేని పనివాడిలాంటివాడే, శిల్పి నాగరాజే, 'మల్లీశ్వరి'లో కథానాయకుడు కావడం, రాజు కథ చివర్లో న్యాయం చెప్పడానికి మాత్రమే ముందుకు రావడం, చరిత్రను ఏ వైపు నుంచి చూడాలన్న దర్శకుడి నిర్ణయం.

'బంగారు పాప' (1955) ఈ ఆలోచనను ఇంకా లోతుకు తీసుకువెళ్లింది. దీనికి మూలం జార్జ్ ఇలియట్ 1861లో ప్రచురించిన 'సైలస్ మార్నర్'. ఇలియట్ నవలా రచనకు రాకముందు రెండు జర్మన్ గ్రంథాలను ఇంగ్లీషులోకి అనువదించింది. ఏసు జీవితంపై స్ట్రాస్ రాసిన విమర్శ 1846లో, క్రైస్తవ సారాన్ని వివరించిన ఫాయర్‌బాఖ్ గ్రంథం 1854లో వచ్చాయి. దయ, ప్రేమ, న్యాయం మనిషి గుణాలే, వాటిని మనిషి తనలోంచి తీసి ఆకాశంలో పెట్టి దేవుడన్నాడు అన్నది ఫాయర్‌బాఖ్ వాదసారం. ఆ వాదానికి కథారూపమే ఈ నవల.

సైలస్ నేతపనివాడు. చిన్న భక్తసమాజంలో సభ్యుడు. ప్రాణమిత్రుడే దొంగతనం అతడిమీదికి నెడతాడు. సమాజం విచారణ చేయదు. దైవనిర్ణయం కోసం చీట్లు వేస్తుంది. చీటీ సైలస్‌నే దొంగ అంటుంది. నిరపరాధికి వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చే దేవుణ్ణి ఇక నమ్మనని అతడు వెళ్లిపోతాడు. పదిహేనేళ్లు రావెలో అనే పల్లెలో మగ్గం ముందు కూచుని, రాత్రిళ్లు బంగారు నాణేలు లెక్కపెట్టుకుంటూ బతుకుతాడు. ఆ బంగారమూ దొంగలపాలవుతుంది. కొత్త ఏడు ముందురాత్రి మంచులో పాకుతూ వచ్చిన పసిపిల్ల అతడి పొయ్యి దగ్గర పడుకుంటుంది. మసక చూపుకు ఆ పిల్ల ఉంగరాల జుట్టు తన బంగారంలా కనిపిస్తుంది. చెయ్యి వేస్తే మెత్తగా తగులుతుంది. అక్కణ్ణుంచి అతడు మళ్లీ మనిషవుతాడు.

బి.ఎన్. ఈ నవలను తెలుగుచేసే పనిని పాలగుమ్మి పద్మరాజుకు ఇచ్చారు. పాటలు కృష్ణశాస్త్రివి, సంగీతం అద్దేపల్లి రామారావుది. పద్మరాజు కథ 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందింది. సూత్రాలు గీసుకుని బతికే ఒక పెద్దమనిషిని తుఫాను రాత్రి ఒక బిచ్చగత్తె ఒళ్లోకి తోసి, అతడి సిద్ధాంతాలన్నీ ఆ వెచ్చదనం ముందు తేలిపోయేలా చేసిన కథ అది. ఇలియట్ మంచురాత్రిని తెలుగునేల మీది గాలివానగా మార్చగల రచయిత ఆయనే.

నేతగాడు సినిమాలో కమ్మరి కోటయ్య అయ్యాడు. ఆ పాత్ర ఎస్.వి. రంగారావుది. మార్పు వృత్తితో ఆగలేదు. సైలస్‌ది విశ్వాసభంగం. అతడు దేవుడి మీద అలిగి లోకానికి దూరమయ్యాడు. కోటయ్యది అన్యాయంగా జైలు పాలైన మనిషి కసి. సైలస్ బంగారాన్ని కూడబెట్టుకుంటే కోటయ్య పగను కూడబెట్టుకున్నాడు. బంగారం పోయిన చోటికి పాప రావడం నవల. పగ నిండిన చోటికి పాప రావడం సినిమా. ఈ మార్పు వెనక తాత్త్విక కారణం ఉంది. దైవం చీటీ వేసి అబద్ధం చెప్పింది అన్న ఆరోపణకు క్రైస్తవ నేపథ్యంలో ఉన్నంత పదును కర్మసిద్ధాంతానికి అలవాటైన సమాజంలో ఉండదు. ఏ జన్మలో చేసుకున్నావో అన్న జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. కోటయ్య కథ నడక ఆ జవాబు మీద ఆధారపడదు. అతడికి జరిగింది మనుషులు చేసిన అన్యాయం, అతడు తలపెట్టింది మనుషుల మీద ప్రతీకారం. అతణ్ణి మార్చింది కూడా మనిషే, మాటలు రాని పసిగుడ్డు.

రంగారావు నటనలో గమనించవలసినది ఆ శరీరం. కొలిమి దగ్గర బలిసిన చేతులు, ఎదుటివాణ్ణి వెనక్కి జరిపే భుజాలు, గరుకు గొంతు. ఆ చేతులు పాపను ఎత్తుకోవడం నేర్చుకోవాలి. పశ్చాత్తాపం గురించి ఎన్ని సంభాషణలు రాసినా రాని మార్పు ఆ పట్టు మెత్తబడడంలో కనిపిస్తుంది. ఇదే చిత్రంలో మనిషిని తోలుబొమ్మతో పోల్చిన కృష్ణశాస్త్రి పాట ఉంది. తోలుబొమ్మలాట పుట్టి పెరిగిన రాయలసీమకు ఆ పోలిక అరువుది కాదు. పాట మనిషి స్వతంత్రుడు కాడంటుంది, కథ మాత్రం కోటయ్య తన పగను తానే వదులుకోగలడంటుంది. ఈ రెండూ కలవవు. దర్శకుడు వాటిని కలపడానికి ప్రయత్నించకపోవడమే మంచిదైంది. విధిని నమ్ముతూనే తన పని తాను చేసుకుపోవడం తెలుగు పల్లెలో నిత్యం జరిగేదే.

సైలస్ ముసలితనంలో పాత ఊరికి తిరిగివెళ్తాడు, చీటీ ఎందుకు అలా వచ్చిందో అడగడానికి. ఆ సమాజం ఉన్న చోట ఫ్యాక్టరీ లేచి ఉంటుంది. జవాబు ఎప్పటికీ రాదు. జవాబు లేకుండానే పిల్ల దయవల్ల బతకగలిగానన్నది అతడు చేరుకున్న చోటు. ఇలియట్ నవలలో అన్నిటికంటే ధైర్యమైన ఘట్టం ఇదే. కన్నతండ్రి వచ్చి హక్కు అడిగినప్పుడు పిల్ల పెంచినవాణ్ణే ఎంచుకోవడం ఆ ధైర్యానికి మరో ముఖం. రక్తం, ఆస్తి, కులం ఇచ్చే హక్కు కంటే సాకిన చెయ్యి పెద్దదన్న ఈ తీర్పును 1955 నాటి తెలుగు సమాజం ముందు పెట్టడం చిన్న సంగతి కాదు. దేవకి కన్నా యశోద పెంచిందన్న కథను నెత్తిన పెట్టుకున్న జాతికి అది కొత్త సత్యంగా కాక, తెలిసిన సత్యంగానే తగిలింది. 'బంగారు పాప' జాతీయ పురస్కారం పొందింది.

తర్వాతి రెండు చిత్రాల దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. 'భాగ్యరేఖ' (1957) ఒక్కటే బి.ఎన్. సినిమాల్లో భక్తికి బాగా దగ్గరగా వెళ్లింది. అందులోనూ దైవం పాటలో ఉంటుంది, కథలోకి దిగిరాదు. కొండమీది స్వామికీ నేలమీది మనిషికీ మధ్య దూరాన్ని తలపోసే కృష్ణశాస్త్రి పాట ఇప్పటికీ ఇళ్లలో పాడుకుంటారు. బి.ఎన్. తమ్ముడు నాగిరెడ్డి భాగస్వామిగా నడిపిన విజయా సంస్థ 'మాయాబజార్'ను విడుదల చేసింది కూడా అదే ఏడు. 'రాజమకుటం' (1960) హామ్లెట్ ఛాయలున్న జానపదం. అసలు హామ్లెట్‌ను కుంగదీసిన సంశయం ఇందులోని రాజకుమారుణ్ణి అంతగా బాధించదు. ప్రశ్న పోయి సాహసం మిగిలింది.

'పూజాఫలం' (1964) మళ్లీ మూల ప్రశ్న దగ్గరికి వచ్చింది. మునిపల్లె రాజు నవల 'పూజారి' దీనికి ఆధారం, మాటలు డి.వి. నరసరాజు రాశారు. అక్కినేని నాగేశ్వరరావు ధరించిన మధు సంపన్నుడు, బిడియస్తుడు, సంగీతప్రియుడు. అతడు వలచినది చేతికందదు, అందుబాటులో ఉన్నది కంటికి ఆనదు. సావిత్రి ధరించిన సీత ఏమీ అడగకుండా సేవ చేస్తుంది. గీత చెప్పిన ఫలాపేక్ష లేని కర్మకు గృహస్థు రూపం ఆమె. నవల పేరు పూజించేవాణ్ణి చూపిస్తే సినిమా పేరు పూజ తెచ్చే ఫలాన్ని చూపిస్తుంది. ఆ ఫలం ఎవరిది? మధు చేసిన పూజ రూపానికి, సీత చేసినది మనిషికి. దర్శకుడు ఫలాన్ని సీతకు ఇచ్చాడు. అయితే ఫలం కోరని సేవను స్త్రీ పాత్రకే అప్పగించి, దాన్ని అందుకునే అర్హతను పురుషుడికి ఉచితంగా ఇవ్వడంలో ఒక అసమానత ఉంది. నిష్కామకర్మ చేసేవాడు స్వచ్ఛందంగా ఎంచుకున్నప్పుడే గొప్పది. ఎంచుకునే వీలు లేనివారి విషయంలో అది సర్దుబాటుకు మరో పేరు అయ్యే ప్రమాదముంది. సావిత్రి కళ్లలో కనిపించే వేదన ఆ ప్రమాదాన్ని దాచిపెట్టదు.

ఇదే అభ్యంతరం 'మల్లీశ్వరి'కీ వర్తిస్తుంది. రాయలు నాగరాజును క్షమించాడు. పల్లకీ వచ్చిన ఇళ్ల పిల్లలందరి సంగతి ఏమిటి? ఒక్క మనిషి దయ ఒక్క జంటను విడిపిస్తుంది, ఆచారం అలాగే ఉండిపోతుంది. రాజు మనసు కరగకపోతే కథ ఏమయ్యేదన్న ప్రశ్నకు సినిమాలో చోటు లేదు. దైవం దయకు ఉన్న చిక్కే మనిషి దయకూ ఉంది. అది అడిగితే వచ్చేది కాదు, హక్కుగా నిలిచేదీ కాదు. 'సుమంగళి'లో కట్టుబాటునే మార్చాలన్న దర్శకుడు పదేళ్ల తర్వాత కట్టుబాటును వదిలి మనసు వైపు మళ్లాడు. దాని వల్ల కళ పెరిగింది, వాదం సన్నబడింది.

'రంగులరాట్నం' (1966)లో ఆయన ఈ లోటును గుర్తించినట్టే ఉంది. పల్లెలో ఇల్లు గడవక పట్నానికి చేరిన కుటుంబం, తండ్రి పోయాక తల్లి పెంచిన ఇద్దరు కొడుకులు, ఎన్నికల్లో ఎదురెదురు పక్షాల్లో నిలబడ్డ అన్నదమ్ములు. ఇక్కడ క్షమించే రాజు లేడు, వానలో దొరికే పాప లేదు. ఓట్లు, డబ్బు, పంతం కలిసి మనుషులను తిప్పుతుంటే అంజలీదేవి ధరించిన తల్లి ఇద్దరి మధ్యా నలిగిపోతుంది. పద్మరాజు మాటలు ఈ సినిమాలో కర్మ బరువును వ్యక్తి నుంచి తీసి వ్యవస్థ మీద పెట్టాయి. చంద్రమోహన్ పరిచయమైన ఈ చిత్రం ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది.

1969 నాటి 'బంగారు పంజరం'తో ఆయన దర్శకత్వం ముగిసింది. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు దక్కింది. దక్షిణాది నుంచి ఆ గౌరవం పొందిన మొదటి వ్యక్తి ఆయనే. 1977 నవంబర్ 8న కన్నుమూశారు.